యంత్రం ముట్టని మాట

బెనీ సాఫ్
అక్టోబర్ 2003

ఖైరా వదినకి,

సలాం. మిలూద్ టాక్సీలో సార్డీన్ చేపల బుట్ట పంపుతున్నాను. బుట్ట అడుగున ఈ ఉత్తరం ఉంది. వాసనేస్తే ముక్కు మూసుకుని చదువు. ఫోన్లో చెప్పే మాటలు కావివి. మా ఇంట్లో ఫోను మా ఆడపడుచు ఫతీహా రోజూ వచ్చి కూర్చునే సోఫా పక్కన ఉంటుంది, మీ ఇంట్లో మా అమ్మ మంచం పక్కన ఉంటుంది. ఇద్దరివీ పాము చెవులే.

సంగతికొస్తాను. మొన్న మా వీధిలో పెళ్ళికి వెళ్ళాం. ఆడవాళ్ళ గదిలో కొత్త క్యాసెట్ పెట్టారు. పాడే ఆవిడ పేరు చెబ్బా ఖయాల్ అట. నిన్నమొన్నటిదాకా ఆ పేరే ఎవరూ వినలేదు, ఇప్పుడు రేవులో ప్రతి బండిలోనూ ఆవిడే. ఒకామె సముద్రాన్ని నిలదీస్తుంది, నా ఉంగరం నాకిచ్చెయ్యి అని. అదీ పాట. క్యాసెట్ అట్ట మీద మనిషి బొమ్మ లేదు, గులాబీలు ఉన్నాయి. అందులో వింతేం లేదనుకో. మన పాటగత్తెలు మొహం చూపించింది ఎప్పుడు గనక? మా అమ్మ మక్కా వెళ్ళొచ్చి హాజ్జా మగ్నియా కాకముందు, పెళ్ళిళ్ళలో పాడే షేఖా మగ్నియాగా ఉన్న రోజుల్లోనూ అంతేగా. కానీ ఈవిడ గొంతు కూడా దాచుకుంది. ఈ మధ్య అందరూ వాడుతున్న ఆ కంప్యూటర్ యంత్రం ఉందే, శ్రుతి తప్పితే లాక్కొచ్చి సరిచేసేది, దాన్ని నిండా పులిమేశారు. రేకు డబ్బాలోంచి పాడుతున్నట్టుంది. వయసెంతో తెలీదు, ఏ ఊరో తెలీదు, ఏడుస్తోందో నవ్వుతోందో కూడా తెలీదు.

అంతా ఆడుతున్నారు. ఫతీహా అయితే నడుముకి గుడ్డ బిగించి మరీ ఆడింది, రేపు అడిగితే నేనెక్కడ ఆడానంటుంది. నేనూ చప్పట్లు కొడుతున్నాను. అప్పుడు, వదినా, 'ఉంగరం' అన్న మాట దగ్గర ఆ యంత్రం ఆగిపోయింది. ఆ ఒక్క మాటకే. హార్మోనియం మెట్ల మధ్య ఎక్కడో ఉండే ఆ స్వరం నీకు తెలుసుగా, మన పాతవాళ్ళు మాత్రమే పట్టుకునేది, అక్కడ గొంతు చిన్నగా విరిగి మళ్ళీ లేచింది. నా చేతులు ఆగిపోయాయి. అది మా ఇంటి విరుపు. మా అమ్మకి ఉండేది. నాకు రాలేదు, అన్నయ్యకి రాలేదు, నీ కూతురు హువారియాకి వచ్చింది. అంట్లు తోముతూ అది పాడుకుంటుంటే నేనెన్నిసార్లు వినలేదు?

ఒక్కటే అడుగుతున్నా. ఎవరా ఖయాల్? వసంతంలో హువారియాని ఫతీహా కొడుకు సిద్ అహ్మద్‌కి చేద్దామని మాట అనుకున్నాం. ఆ సంబంధం కలిపింది నేను. ఫతీహా సంగతి నీకు తెలియంది కాదు, క్యాసెట్లలో పాడే పిల్లని గడప తొక్కనివ్వదు. పిల్లాడేమో హువారియా పేరు చెబితే చాలు, చెవులదాకా ఎర్రబడిపోతాడు. నిజం చెప్పు. కోప్పడను.

నీ ఆడపడుచు
బద్రా

*

ఒరాన్, మ్దీనా జ్దీదా
అక్టోబర్ 2003

బద్రాకి,

సలాం. చేపలు బాగున్నాయి. ఉత్తరం బాగాలేదు.

కోప్పడనని నువ్వు అన్నప్పుడే నాకు ఎక్కువ భయం తల్లీ. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో కూడా అలాగే అన్నావు, ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ యంత్రం వచ్చాక ఒరాన్‌లో పాడేవాళ్ళందరూ ఒక తల్లి పిల్లల్లాగే వినిపిస్తున్నారు. ఆడా మగా తేడా కూడా లేదు. మా వీధి చివర శనగపిండి కరంతీకా అమ్ముకునేవాడు కూడా మొన్న క్యాసెట్ తీశాడు. కావాలంటే పంపిస్తా, విను. అది కూడా హువారియాలాగే ఉందంటావేమో చూద్దాం. పెళ్ళిలో పదిమంది చప్పట్ల మధ్య, అరుపుల మధ్య, నీకు ఒక్క మాటలో మా అమ్మాయి గొంతు వినబడిందా? నీవి మాత్రం పాము చెవులు కావా ఏంటి?

హువారియా నర్సు చదువుకి పోతుంది, వస్తుంది, రాత్రి కాసేపు నాకు పూసలు గుచ్చిపెడుతుంది. ఇది పెళ్ళిగౌన్ల కాలం, నాకు తల గోక్కునే తీరిక లేదు. మీ అన్నయ్యకి నీ ఉత్తరం చూపించలేదు. చూపిస్తే బస్సు నడిరోడ్డు మీద వదిలేసి వచ్చి క్యాసెట్ కొట్లన్నీ తగలబెడతాడు.

అత్తయ్య బాగానే ఉంది. చెయ్యి వణుకుతోంది, ఈ మధ్య మాటలో కూడా వణుకొచ్చింది. ఆకలికేం లోటు లేదు. ప్రతి మంగళవారం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తోంది, హువారియా తోడు వెళ్తోంది. నీకు సలాం చెప్పమంది.

ఖైరా

*

బెనీ సాఫ్
నవంబర్ 2003, రంజాన్

వదినా,

నా చెవిలో పువ్వు పెట్టకు.

మా అమ్మ నోట్లో సొంత పన్ను ఒక్కటి లేదు. మక్కా తీసుకెళ్ళినప్పుడు పళ్ళసెట్టు హోటల్ గ్లాసులో మర్చిపోతే పరుగెత్తుకెళ్ళి తెచ్చినదాన్ని నేను. లేని పళ్ళకి ప్రతి వారం వైద్యమేంటి? నాకు అర్థమైంది. ముసలమ్మకి తోడు హువారియా వెళ్ళడం కాదు. హువారియాకి తోడు ముసలమ్మని పంపిస్తున్నావు, ఎవరైనా చూస్తే అడగకుండా.

ఒకరు చూశారు కూడా. మందుల షాపు పక్క మెట్లెక్కి హువారియా జిలాలీ రికార్డింగు గదికి వెళ్ళడం మిలూద్ కళ్ళారా చూశాడు. జిలాలీ అంటే నాకు తెలియదనుకున్నావా? అమ్మ పక్కన కూర్చుని డప్పు వాయించిన హబీబా కొడుకు. క్యాసెట్లు తీయడం, గొంతులు సరిచేయడం తప్ప వాడికి వేరే పనేం ఉంది? మిలూద్ నోట్లో నువ్వుగింజ నానదు. నిన్న ఉపవాసం విడిచే వేళ ఫతీహా ఖర్జూరం నోట్లో పెట్టుకుంటూ, "మీ అన్న కూతురికి సంగీతమంటే ఇష్టమట కదా?" అంది. తేనె పూసిన గొంతుతో అంది. నేను సూపు గిన్నెలు తీసే వంకతో లేచిపోయాను.

ఎంత కష్టపడి ఆ ఇంట్లోంచి పాటని సాగనంపాను! కాబా ముందు అమ్మ చెయ్యి పట్టుకుని, ఇక జనం ముందు పాడనని ఒట్టు వేయించాను. ఊరూరా తిరిగి పాడిన మనిషి చివరికి హాజ్జా అనిపించుకుని గౌరవంగా కూర్చుంది. నువ్వు దాన్ని దొడ్డిదారిన మళ్ళీ ఇంట్లోకి తెచ్చావు. అదీ పెళ్ళి కావాల్సిన పిల్ల నెత్తిన పెట్టి.

బద్రా

*

ఒరాన్
నవంబర్ 2003

బద్రా,

పండగ శుభాకాంక్షలు. నా చేతి కింద రొట్టె ఉంది, దాని మీద ఒట్టేసి రాస్తున్నాను. నా కూతురు ఏ క్యాసెట్లోనూ పాడలేదు.

ఆ మెట్లెక్కింది నిజం. పాడడానికి కాదు. ఇంతకు మించి అడగకు, నేను ఇంకొకరికి మాటిచ్చాను.

మిగతాది కూడా చెప్పేస్తాను, కడుపులో పెట్టుకుంటే నాకే చేటు. నువ్వు ఒట్టు వేయించి గెలిచొచ్చావు కదా. ఆ రోజు నుంచి ఆ మనిషి వంటింట్లో కూడా కూనిరాగం తీయదు. ఉప్పు కావాలన్నా గుసగుసగా అడుగుతుంది. ఏడాదికి రెండుసార్లు చేపలబుట్టతో వస్తావు, అమ్మ ఎంత నెమ్మదించిందో అని మురిసిపోయి వెళ్తావు. అది నెమ్మదితనం కాదమ్మా. నువ్వు ఉండి చూస్తే తెలిసేది.

ఖైరా

*

బెనీ సాఫ్
జనవరి 2004

వదినా,

నేనొక పని చేశాను. నువ్వు తిట్టినా పడతాను.

ఫతీహా రోజూ సూదితో పొడుస్తోంది. మీ ఇంటి ఆడవాళ్ళ రక్తంలోనే ఉంది, ఒకరు మానితే ఇంకొకరు మొదలుపెడతారు, అని. ఒళ్ళు మండిపోయి, "ఉంటే ఉంది! ఆ గొంతు మా ఇంటిదే. నీ కొడుకు అదృష్టం అనుకో!" అన్నాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఏం లాభం?

ఇప్పుడు ఆవిడ షరతు పెట్టింది. బక్రీదు పండగ వెళ్ళాక వచ్చే గురువారం ఆడవాళ్ళని కాఫీకి పిలుస్తుందట. హువారియా వచ్చి అందరి ముందూ ఆ ఉంగరం పాట పాడాలట. పక్కనే క్యాసెట్ పెట్టి వింటారట. ఆ గొంతు కాకపోతే వసంతంలో పెళ్ళి. అదే గొంతయితే సంబంధం రద్దు. పిల్ల రాకపోయినా రద్దే.

సిద్ అహ్మద్ అన్నం మానేశాడు. పడవ ఇంజన్ల దగ్గరనుంచి నూనె చేతులతోనే మా ఇంటికొచ్చి, "అత్తా, పాడితే పాడనీ, నాకేం బాధ లేదు. మా అమ్మకి నువ్వే చెప్పాలి," అన్నాడు. నేనేం చెప్పను? నాకే తెలియందే.

ఇంకొకరికి మాటిచ్చానన్నావు. ఎవరా ఇంకొకరు? అన్నయ్యా? జిలాలీయా? వాడికింకా పెళ్ళి కాలేదు కదూ? హువారియా ఆ మెట్లు పాట కోసం ఎక్కకపోతే ఇంక దేనికోసం ఎక్కినట్టు? ఇలాంటివి నేను రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ నువ్వు చెప్పకపోతే నా బుర్ర ఇంతకంటే చెడ్డవి కూడా వండుతుంది.

బద్రా

*

ఒరాన్
జనవరి 2004

బద్రా,

నీ ఉత్తరం ఈసారి నాకంటే ముందు హువారియా చదివింది. జిలాలీ మాట కూడా చదివింది. మేనత్తవి, చిన్నప్పుడు దానికి జడలు వేసినదానివి. మిలూద్ మాట నమ్మావు, దాన్నొక్క మాట అడగలేదు.

షరతు గురించి కాస్త ఆలోచించావా? అది వచ్చి పాడిందనుకో, ఆ మాట దగ్గర అదే విరుపు వస్తుంది. దాని గొంతే అది, ఎక్కడికి పోతుంది? చేయని తప్పుకి దొరికిపోతుంది. రాకపోతే భయపడి రాలేదంటారు. ఎటు చూసినా నా పిల్లే దొంగ. "నన్ను తూకం వేసే ఇంటికి పాడుకుంటూ వెళ్ళనమ్మా," అంది. ఆ తర్వాత స్నానాల గదిలో కుళాయి తిప్పేసుకుని ఏడ్చింది. కుళాయి చప్పుడుకి ఏడుపు ఆగుతుందా?

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా వింది.

ఆ గురువారం ఒకరు వస్తారు. అంతే చెప్పగలను.

ఖైరా

*

బెనీ సాఫ్
ఫిబ్రవరి 2004

వదినా,

ఆత్రంగా రాస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకో.

ఫతీహా హాలు నిండిపోయింది. బాదం కేకులు, కాఫీ, మధ్యలో బల్ల మీద టేప్ రికార్డర్. అందరి కళ్ళూ తలుపు మీదే. మిలూద్ బండి ఆగింది. నేను హువారియా అనుకుని లేచాను. తెల్లదుప్పటి కప్పుకుని కర్ర పట్టుకుని మా అమ్మ దిగింది.

"రండి హాజ్జా రండి! మనవరాలేదీ?" అంది ఫతీహా.

"దానికి పరీక్షలమ్మా. నేను సరిపోనా?" అంటూ మంచి కుర్చీ తనే చూసుకుని కూర్చుంది. "ఏదో క్యాసెట్ అన్నారటగా. పెట్టండి, నేనూ వింటా."

పెట్టారు. అమ్మ కేకు కాఫీలో ముంచుకుని తింటూ పరాయిదానిలా వింది. పాటయ్యాక మూతి తుడుచుకుని, "పిల్ల బాగా పాడుతోంది. పెళ్ళయిందా?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా అమ్మ మొహం అమాయకంగా పెట్టిందంటే నాకు అనుమానమే.

"ఇప్పుడు ఆ యంత్రం లేకుండా వినండి," అంది. కాఫీ పళ్ళెంలో కప్పులన్నీ తీయించి, పళ్ళెం ఒళ్ళో బోర్లించుకుంది. వణికే చేత్తో కొట్టడం మొదలుపెట్టింది. కొట్టేటప్పుడు ఆ చెయ్యి వణకలేదు వదినా. బొటనవేలితో పళ్ళసెట్టు సర్దుకుని పాడింది.

దేవుడా, ఏం గొంతది! సగం మాటకే ఊపిరి అయిపోతోంది. శ్రుతి ఒకచోట నిలవడం లేదు. ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఫతీహా పెదవి విరిచింది. నాకు తల కొట్టేసినట్టయింది, అమ్మని ఎలా ఆపాలా అని చూస్తున్నాను. అప్పుడు 'ఉంగరం' వచ్చింది.

విరిగింది. లేచింది.

నా చేతిలో చక్కెర గిన్నె జారి పడింది. ఎవరూ వంగి ఏరలేదు.

"హాజ్జా! మక్కా వెళ్ళొచ్చిన మనిషివి!" అంది ఫతీహా, ఊపిరి అందుకుని.

"జనం ముందు పాడనని ఒట్టేశానమ్మా. జిలాలీ ఒక్కడు జనమా? వాడి తల్లికి పురుడు పోసిందే నేను. యంత్రం ముందు పాడాను, దానికి చెవులు లేవు. ఒట్టు తప్పింది ఇవాళే, మీ ముందే, అదీ నువ్వు అడిగావని. పాపం సగం నీ ఖాతాలో రాసుకో." తర్వాత నవ్వడం మానేసి చెప్పింది. "నా మనవరాలికి నా గొంతొచ్చింది. అది దాని తప్పు కాదు. అది నాకు మెట్లెక్కడానికి చెయ్యి ఇచ్చింది, అంతే. కావాలంటే నన్ను మీ ఇంటికి రావద్దను. దాన్ని అనకు."

ఎదురింటి ముసలావిడ మెల్లిగా, "ఫతీహా, దీనికేగా నువ్వు నడుం బిగించి ఆడింది?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో పెళ్ళిళ్ళలోలాగా నాలుక తిప్పుతూ సంబరపు కూతలు మొదలుపెట్టారు. గదంతా అందుకుంది. ఫతీహాకి వేరే దారేముంది? లేచొచ్చి అమ్మ తల మీద ముద్దు పెట్టుకుంది. పెళ్ళి ఖాయం. సిద్ అహ్మద్ రాత్రి మూడు ప్లేట్లు తిన్నాడు.

హువారియాకి నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు. మంగళవారం నేనే వస్తాను, అది ఏమన్నా పడతాను.

కానీ అది కాదు నా బాధ. మా అమ్మ గొంతు నేను గుర్తుపట్టలేదు. విరుపు విన్నాను, ఇల్లు పట్టుకున్నాను, మనిషిని పట్టుకోలేదు. యంత్రం ఆవిడని పడుచుపిల్లని చేసింది నిజమే. అయినా, ఆవిడ పాడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. నోరు మూయించినదాన్ని నేనే కదా, ఇంకెలా వస్తుంది?

ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. అంతా పులిమిన జిలాలీ ఆ ఒక్క మాట దగ్గర యంత్రం ఎందుకు ఆపాడు? మర్చిపోయాడా? అమ్మని అడిగితే, "మీ ఊరి సార్డీన్లు ఈసారి బలంగా ఉన్నాయే," అని మాట మార్చింది. నీకు తెలుసు. ఇప్పుడైనా చెప్పు.

బద్రా

*

ఒరాన్
ఫిబ్రవరి 2004

బద్రాకి,

నా నోటి తాళం తీశారు. చెప్తాను.

పోయినేడు హబీబా చనిపోయింది గుర్తుందా? అన్ని పెళ్ళిళ్ళలో వాయించిన మనిషి డప్పు చప్పుడు ఒక్క టేపులో కూడా లేదు. ఖననం అయ్యేదాకా అత్తయ్య ఏడవలేదు, ఇంటికొచ్చి, "నేను పోయాక మీకు నా వణుకే గుర్తుంటుందే," అని ఏడ్చింది. తర్వాత జిలాలీ దగ్గరికి వెళ్ళింది. మాట స్పష్టంగా రావాలని కొత్త పళ్ళసెట్టు చేయించుకుంది. అంటే పళ్ళ డాక్టరు పూర్తిగా అబద్ధం కాదు.

యంత్రం ఆ వణుకుని పట్టి నిలబెట్టింది. మొదటిసారి వినిపించినప్పుడు, "ఎవర్రా ఈ పిల్ల?" అని జిలాలీని అడిగిందట. విని విని నవ్విందట. కానీ ఉంగరం దగ్గర ఆ మధ్య స్వరాన్ని యంత్రం లాగి పక్క మెట్టు మీద కూర్చోబెట్టింది. అక్కడ అత్తయ్య ఆపమంది. ఈ ఒక్క మాట వదిలెయ్ అంది. "వదిలితే తెలిసినవాళ్ళు పట్టేస్తారమ్మా, అప్పుడు ఇంత దాచి ఏం లాభం?" అన్నాడు వాడు. హువారియా అక్కడే ఉంది, ఆ తర్వాత అత్తయ్య అన్న మాట నాకు అదే చెప్పింది.

"నా కూతురు ఎక్కడో ఓ పెళ్ళిలో వింటుంది. దానికి తెలియాలి. కోపమొచ్చి తిట్టడానికైనా వస్తుంది."

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు అత్తయ్య నా పూసల మధ్య కూర్చుని, "గుర్తుపట్టిందా?" అని అడిగింది. పాడింది హువారియా అని నువ్వు అనుకుంటున్నావని చెప్పాను. "పోన్లే, ఇంటిదని తెలిసిందిగా," అంది. నిజం రాసేయనా అంటే వద్దంది. తనంతట తానే పట్టుకోవాలి అంది, నా చేత మాట తీసుకుంది. సంబంధం దాకా వస్తుందని ఆవిడ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

నీకు అనుమానం వచ్చిన ప్రతిసారీ నాకు రాశావు బద్రా. ఒక్కసారైనా ఆవిడకి రాయాల్సింది.

ఖైరా

*

బెనీ సాఫ్
మార్చి 2004

అమ్మా,

హువారియా నీకు ఇది చదివి వినిపిస్తుంది. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు గానీ, నీకోసం చదువుతుంది. గొంతు పెంచి చదవమను.

నువ్వు పిలిచావు. నేను విన్నాను. విని కూడా తిట్టడానికి నీ దగ్గరికి రాలేదు, వదినకి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. ఇప్పుడు క్యాసెట్ నా దగ్గరే ఉంది. ఆ మాట దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింటున్నాను. మా ఆయన టేపు తెగిపోతుందని గోల పెడుతున్నాడు. అంత పెద్ద పాటలో నాకు ఒక్క మాటేనా అమ్మా మిగిల్చావు?

ఒట్టు తప్పితే పదిమంది పేదలకి అన్నం పెట్టాలిగా. ఒట్టు వేయించింది నేను కాబట్టి ఆ అన్నం కూడా నేనే పెట్టాను. నిన్న రేవులో కుస్కుస్ వండించి, వల లాగేవాళ్ళకి, గోడ పక్కన పడుకునేవాళ్ళకి వడ్డించాను. ఫతీహా కూడా వచ్చి గరిటె పట్టుకుంది, సగం పాపం తనదని అన్నావుగా.

పదిమందికి కాదమ్మా, ఇరవైమందికి పెట్టాను. రెండో పదిమంది ముందుగానే, హువారియా పెళ్ళిలో నువ్వు పాడబోయే దానికి. జిలాలీని యంత్రం ఇంట్లో పెట్టి రమ్మను.

నీ కూతురు
బద్రా